వేరుబుడిపెల నులిపురుగుపై జీవ నియంత్రణ: ఒక పాలీహౌస్, మూడు కీర దోస పంటలు

"నీళ్లు సరిపోతున్నాయి సార్. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి తోట తల వాల్చేస్తోంది." పాలీహౌస్‌లో (ప్లాస్టిక్ షీటు కప్పిన పంట ఇల్లు) కీర దోస వేసిన రైతు ఫోన్‌లో చెప్పిన మొదటి మాట ఇది. సాయంత్రం నాలుగు దాటాక మొక్కలు మళ్లీ లేచి నిలబడుతున్నాయట. ఆకులు పాలిపోతున్నాయని అప్పటికే సూక్ష్మపోషకాలు రెండుసార్లు పిచికారీ చేశాడు. డ్రిప్ టైము కూడా పెంచాడు. నేను అడిగింది ఒక్కటే: ఇల్లంతా ఒకేలా ఉందా, అక్కడక్కడా ఉందా? "అక్కడక్కడే సార్. మొదట్లో గుండ్రంగా ఉండేవి, ఇప్పుడు బెడ్డు వెంబడి పొడుగ్గా సాగుతున్నాయి." ఆ మాటతో సగం అర్థమైంది. నీటి సమస్య డ్రిప్ పైపుల వరసను బట్టి కనిపిస్తుంది, పోషక లోపం దాదాపు అంతటా కనిపిస్తుంది. దున్నిన దిక్కుగా సాగే మచ్చ మట్టిలో ఉన్నదేదో పరికరంతో పాటు ప్రయాణిస్తోందని చెబుతుంది.

పాలీహౌస్ విస్తీర్ణం 2000 చదరపు మీటర్లు. ఒక్కొక్కటి 48 మీటర్ల పొడవున్న 24 బెడ్లు, ఐదు వేల పైచిలుకు మొక్కలు. నాలుగేళ్లుగా కీర దోస, మధ్యలో రెండుసార్లు టమాటా. అంటే నాలుగేళ్లుగా ఆ నేలలో నులిపురుగుకు (వేర్లలో చేరి బతికే, కంటికి కనబడనంత సన్నటి పురుగు, నెమటోడ్) ఒక్కరోజు కూడా ఆకలి తెలియలేదు.

నేను వెళ్లేసరికి పనిమనిషి ఒక మొక్కను పట్టి లాగబోతున్నాడు. ఆపాను. లాగితే పెద్ద వేరు మాత్రమే చేతికొస్తుంది, చూడాల్సిన పిల్ల వేర్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. తాపీతో చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా బకెట్ నీళ్లలో పెట్టి, పది నిమిషాలు నాననిచ్చి మెల్లగా ఆడించాం. నీళ్లు తేరుకున్నాక కనిపించినవి వేర్లలా లేవు. అల్లం కొమ్ములు ఒకదానికొకటి అతుక్కున్నట్టున్నాయి. పనిమనిషి ముఖం వెలిగింది. "ఇంత బలమైన వేర్లుంటే మొక్క ఎందుకు వడలుతోందండీ? చిక్కుడుకీ ఇలాగే బుడిపెలుంటాయిగా, అవి మంచివే అంటారు." అడగాల్సిన ప్రశ్నే. చిక్కుడు జాతి వేరుకుండే రైజోబియం (మొక్కకు నత్రజని అందించే బ్యాక్టీరియా) బుడిపె పక్కన అంటించినట్టుంటుంది, గోటితో తోస్తే ఊడిపోతుంది. ఇక్కడి బుడిపెను గోటితో తోస్తే వేరే చిట్లింది. ఇది వేరుకు అంటుకున్నది కాదు, వాచిన వేరే.

ఒక బుడిపెను బ్లేడుతో చీల్చి భూతద్దం కింద పెట్టాను. లోపల గుండుసూది తలకన్నా చిన్నగా, ముత్యంలా మెరిసే తెల్లటి చుక్క: ఆడ పురుగు. బయటివైపు జిగురు ముద్ద, అందులో గుడ్లు. ఒక్కో ముద్దలో కొన్ని వందలుంటాయి. గుడ్ల ముద్దలు తేలిగ్గా కనబడాలంటే కడిగిన వేర్లను ఫ్లోక్సిన్-బి అనే రంగు పలుచని ద్రావణంలో పావుగంట ఉంచాలి. జిగురు రంగు పీల్చుకుని ఎర్రగులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ రోజు తీసిన వేళ్లు కుంకుమ చల్లినట్టు కనబడ్డాయి. రైతు ఇక మాట్లాడలేదు.

పదిహేను చోట్ల 15-20 సెంటీమీటర్ల లోతులో మట్టి తీసి, కలిపి, తడి ఆరకుండా సంచిలో కట్టి ల్యాబ్‌కు పంపాం. ఆ సంచిని ఎండలో ఆగిన కారులో వదలకూడదు. పురుగులు చచ్చిపోతే రిపోర్టు "బాగుంది" అని వస్తుంది, అంతకన్నా పెద్ద మోసం లేదు. ఆడ పురుగు వెనుక భాగపు గీతలను బట్టి జాతిని మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటాగా తేల్చారు. 200 మిల్లీలీటర్ల మట్టిలో 640 రెండో దశ పిల్లలున్నాయన్నారు. కీర దోసకు ఇది చాలా ఎక్కువ. అయినా నిలిచి ఉన్న పంటలో మట్టి లెక్కను నేను పూర్తిగా నమ్మను, ఎందుకంటే ఎక్కువ శాతం పురుగులు అప్పటికే వేరులోపలికి చేరి ఉంటాయి.

ఈ పురుగు పెరిగే తీరు తెలియకపోతే తరవాత చేసిన పనులు వింతగా తోస్తాయి. గుడ్డులోంచి బయటికొచ్చే రెండో దశ పిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు. మట్టిలోని నీటి పొరలో ఈదుతూ వేరు కొన దగ్గర లోపలికి దూరుతుంది. అక్కడ ఐదారు కణాలను తన కోసం మేత దొడ్డిలా మార్చుకుంటుంది. అవి ఉబ్బి రాక్షస కణాలవుతాయి, చుట్టూ వేరు వాస్తుంది. పురుగు ఇక కదలదు, అక్కడే తిని బలిసి గుడ్లు పెడుతుంది. ఇన్‌కాగ్నిటాకు మగ పురుగు అవసరం లేదు. మట్టి 27-28 డిగ్రీలుంటే నెల తిరక్కుండానే ఒక తరం పూర్తవుతుంది. కీర దోస వంద రోజులు నిలిస్తే మూడు తరాలు. మొక్క లేతగా ఉన్నప్పుడు దూరిన పదిమంది పిల్లలు పంట చివరికి ఏమవుతారో లెక్క కట్టుకోవచ్చు.

"గుళికలేమైనా వేద్దామా సార్?" అన్నాడు రైతు. రోజు విడిచి రోజు కాయ కోస్తున్న పంటలో వేసే ప్రశ్నే లేదన్నాను. నులిపురుగుల మందుల చరిత్ర అంత గొప్పది కాదు. డీబీసీపీ అనే ధూమకారిణి (మట్టిలో ఆవిరిగా వ్యాపించి పురుగును చంపే మందు) అద్భుతంగా పనిచేసేది. 1977లో దాన్ని తయారుచేసే కార్మికుల్లో సంతానం కలగకపోవడం బయటపడింది. మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరను తింటోందని మాంట్రియల్ ఒప్పందం కింద 2005 నాటికి సంపన్న దేశాల్లో, 2015 నాటికి మిగతా దేశాల్లో సాగు నేలల్లో వాడకం ఆపాలన్నారు. పైగా ఇలాంటి ధూమకారిణి ఖాళీ నేలలో పురుగుతో పాటు దాన్ని తినే జీవులనూ ఊడ్చేస్తుంది. తరవాత మొదట తిరిగొచ్చేది పురుగే.

టమాటా అయితే ఈ పురుగును తట్టుకునే ఎంఐ (Mi) జన్యువున్న రకం వేసుకునే దారి ఉంది. అదీ మట్టి వేడి 28 డిగ్రీలు దాటితే చేతులెత్తేస్తుంది. ఇన్‌కాగ్నిటాను ఆపే అలాంటి కీర దోస రకం చేతిలో లేదు.

కాబట్టి జీవ నియంత్రణ, అంటే పురుగును దాని శత్రు జీవులతోనే అదుపు చెయ్యడం. ఆ మాటకొస్తే ఏ జీవి పురుగును ఏ దశలో పట్టుకుంటుందన్నది తేల్చుకోకుండా ప్యాకెట్ కొనడం దండగ. పర్పురియోసిలియం లిలాసినం అనే శిలీంద్రం గుడ్లను తింటుంది. 1979లో పెరూలో ఆలుగడ్డ పొలాల్లో ఇదే ఇన్‌కాగ్నిటా గుడ్ల మీద దొరికింది. 2011 దాకా దీన్ని పెసిలోమైసిస్ లిలాసినస్ అనేవాళ్లు, చాలా లేబుళ్ల మీద ఇప్పటికీ ఆ పేరే ఉంటుంది. గుడ్డు పెంకు మీద వాలి, కైటిన్‌నూ ప్రొటీన్‌నూ కరిగించే ఎంజైములతో బెజ్జం చేసుకుని లోపలికి వెళ్తుంది. పొకోనియా క్లామిడోస్పోరియా కూడా గుడ్ల మీదే పడుతుంది, వేరు ఉపరితలం మీద కాపురముంటుంది. ఆర్థ్రోబోట్రిస్ లాంటి శిలీంద్రాలు వలలు పన్ని మట్టిలో ఈదే పిల్లలను పట్టుకుంటాయి. పాశ్చురియా పెనెట్రాన్స్ అనే బ్యాక్టీరియా పిల్ల చర్మానికి అంటుకుని దానితో పాటే వేరులోకి వెళ్లి, ఆడ పురుగు కడుపును గుడ్లకు బదులు తన బీజాలతో నింపేస్తుంది. ట్రైకోడెర్మా అనే శిలీంద్రం, బాసిల్లస్ అనే బ్యాక్టీరియా వేరు చుట్టూ చోటు ఆక్రమించి పురుగుకు దారి కష్టం చేస్తాయి. వీటిలో ఏదీ వేరులోపల కూర్చుని తింటున్న పురుగు దగ్గరికి వెళ్లి దాన్ని అప్పటికప్పుడు చంపదు. ఇదంతా రైతుకు చెప్పాను. చెప్పినవాణ్ని నేనే దాన్ని మర్చిపోయాను.

మొదటి పంట: నేను చేసిన తప్పు

అప్పటికి పంట వయసు నలభై ఐదు రోజులు. ఎలాగైనా కాపాడమని రైతు ఒత్తిడి. నాకూ చేతులు ముడుచుకు కూర్చోబుద్ధి కాలేదు. రైతు దగ్గర అప్పటికే ఉన్న టాల్క్ పొడి రకం లిలాసినం ప్యాకెట్లను నీళ్లలో కలిపి డ్రిప్‌లో వదిలించాను. మర్నాటికి మూడో వంతు డ్రిప్పర్లు మూసుకుపోయాయి. టాల్క్ అంటే రాతి పొడి. నీళ్లలో కరగదు, అడుగుకు చేరుతుంది. ఫిల్టరు దాటిన మెత్తటి పొడి డ్రిప్పర్ సందుల్లో పేరుకుంది. చివర్ల మూతలు తీసి లైన్లు కడగడానికి రెండు రోజులు పట్టింది, వడలుతున్న పంటకు ఆ రెండు రోజులూ నీళ్లు సరిగ్గా అందలేదు.

ఆరో రోజున కొన్ని మొక్కల మొదళ్లలో కుళ్లు కనబడింది. నులిపురుగు చేసిన గాయాల్లోంచి ఫ్యుజేరియం లాంటి కుళ్లు తెచ్చే శిలీంద్రాలు దూరడం మామూలే. కంగారులో కార్బెండజిమ్‌తో మొదళ్లు తడపమన్నాను. శిలీంద్రాన్ని మట్టిలోకి పంపి, వారం తిరక్కుండా దాని వెనకే శిలీంద్రనాశిని పంపించాను. సలహా ఇచ్చినవాణ్నీ నేనే, ఖర్చు మాత్రం రైతుది.

మిగిలిన ఒక ప్యాకెట్‌ను ల్యాబ్‌లో పళ్లెం మీద పెంచి చూస్తే ఇంకో సంగతి తెలిసింది. లిలాసినం బతికుంటే మూడు నాలుగు రోజుల్లో తెల్లటి బూజు లేచి, తరవాత లేత వంగపండు రంగుకు తిరుగుతుంది. పేరు ఆ రంగువల్లే వచ్చింది. మా పళ్లెంలో లేబుల్ మీద రాసిన లెక్క ప్రకారం వందలు రావాల్సిన చోట ఏడు మచ్చలొచ్చాయి. ప్యాకెట్లు రెండు నెలలు మోటారు గదిలో రేకు కింద ఉన్నాయని అప్పుడు తెలిసింది. కాబట్టి మొదటి పంట విఫలం కావడానికి చచ్చిన శిలీంద్రం కారణమా, కార్బెండజిమ్ కారణమా, సమయం మించిపోవడమా అన్నది విడదీసి చెప్పలేను. మూడూ అయ్యుండాలి. 62వ రోజున పంట తీసేశాం.

తీసేముందు ప్రతి బెడ్డులో ఐదు మొక్కలు తవ్వి బుడిపెల మార్కు వేశాను. 0 నుంచి 5 దాకా ఉండే పాత కొలతే: బుడిపెలే లేకపోతే 0, ఒకటి రెండుంటే 1, పది దాకా 2, ముప్పై దాకా 3, వంద దాకా 4, అంతకు మించితే 5. ఇల్లు మొత్తానికి సగటు 4.6 వచ్చింది.

మధ్య కాలం

ఇక్కడ చేసిన పనుల్లో కళ్లకు కనపడని, ఎవరూ ఫొటో తీయని పని వేర్లు ఏరడం. మొక్కలను కోసి, మొదళ్లను రోటవేటర్‌తో మట్టిలో కలిపేయడం ఆ ఇంటి అలవాటు. అంటే ప్రతి పంట చివరా లక్షల గుడ్లను ఎరువులా చల్లుకున్నారన్నమాట. ఈసారి పలుగు పారలతో వేర్లు తవ్వి, గోనెల్లో మోసి, ఇంటి బయట ఎండబెట్టి కాల్చారు. ఐదుగురికి ఆరు రోజుల పని. గట్ల మీదా గోడల వెంబడీ మొలిచిన తోటకూర జాతి కలుపు, పాయలకూర, కామంచి అన్నీ పీకించాను. పైకి ఆరోగ్యంగా ఉన్న కామంచి మొక్క వేరుకు పదహారు బుడిపెలున్నాయి. పంట లేని రోజుల్లో పురుగుకు అదే సత్రం.

తరవాత బెడ్లు బాగా తడిపి, 50 మైక్రాన్ల పారదర్శక షీటు పరిచి, అంచులు మట్టితో మూసి, పక్క కర్టెన్లు దించి ఆరు వారాలు వదిలాం. నల్ల షీటు అయితే పనికిరాదు, వేడి షీటులోనే ఆగిపోతుంది. తడి లేకపోయినా లాభం లేదు. ఎండిన మట్టిలోకి వేడి దిగదు, ఎండిన గుడ్డు వేడిని తట్టుకుంటుంది. మధ్యాహ్నం 10 సెంటీమీటర్ల లోతులో థర్మామీటర్ 49-51 చూపించింది. 30 సెంటీమీటర్ల దగ్గర 39 దాటలేదు. పైనున్నవి పోతాయి, కిందున్నవి దాక్కుంటాయి, వేర్లు కిందికి దిగాక మళ్లీ కలుసుకుంటాయి. ఇలా ఎండతో మట్టిని కాచే సోలరైజేషన్ ఒక్కదానితో సరిపెట్టుకున్నవాళ్లు మొదటి నెలన్నర సంతోషంగా ఉండి, తరవాత నిరాశపడేది ఇందుకే. అయితే మాకు దాని నుంచి కావలసింది వేరు. వేడికి పై మట్టిలో సూక్ష్మజీవులు బాగా తగ్గుతాయి. ఖాళీ అయిన చోట మనం దింపిన శిలీంద్రానికి పోటీ తక్కువ. అందుకే జీవ ఉత్పత్తులు షీటు తీసిన తరవాత వెయ్యాలి. ముందు వేసి షీటు కప్పితే ఉడకబెట్టినట్టే.

షీటు కింద నేల కాగుతుండగా నీడలో ఎరువు తయారైంది. బాగా మాగిన పశువుల ఎరువు రెండు కుప్పలు, ఒక్కోటి రెండు టన్నులు. ఒకదాంట్లో టన్నుకు రెండు కిలోల చొప్పున లిలాసినం, రెండోదాంట్లో అదే లెక్కన ట్రైకోడెర్మా. చేతిలో పిడికిలి పడితే ముద్దవ్వాలి గాని నీళ్లు కారకూడదు, అంత తడి. పైన తడి గోనెలు కప్పి, వారానికోసారి తిరగేసి, ఇరవై రోజులుంచాం. రెండిటినీ ఒకే కుప్పలో కలిపేవాళ్లున్నారు. ట్రైకోడెర్మా వేగంగా పెరిగే దూకుడు రకం, ఇతర శిలీంద్రాలను తినే గుణం కూడా ఉంది. అందుకే నేను విడిగా పెంచి, బెడ్డు మీద మాత్రమే కలుపుతాను. ఎరువు పూర్తిగా మాగకపోతే కుప్ప వేడెక్కి శిలీంద్రం లోపలే చచ్చిపోతుంది. నా పరీక్ష సులువు: మోచేతి దాకా కుప్పలో చెయ్యి పెట్టి నిమిషం ఉంచలేకపోతే ఆ కుప్పకు ఇంకా టైముంది.

ఈసారి కొన్న ప్రతి బ్యాచ్ నుంచీ ఒక ప్యాకెట్ పళ్లెం మీద పెంచి చూశాకే వాడాం. ఒక బ్యాచ్ తిప్పి పంపాం. డ్రిప్‌కు టాల్క్ మానేసి నీటిలో విడిపోయే రకం తెచ్చుకున్నాం.

ఇంకోమాట. పొడి కలిపేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. లిలాసినం అరుదుగానైనా మనిషి కంటికి ఇన్ఫెక్షన్ తెస్తుంది, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు మరీ జాగ్రత్త అవసరం. జీవ సంబంధమైంది కాబట్టి ఏమీ కాదనే మాట నేను ఒప్పుకోను.

రెండో పంట

నారు మీద పట్టుబట్టాను. ప్రోట్రేల (నారు పెంచే గళ్ల ట్రేలు) కోకోపీట్ (కొబ్బరి పొట్టు)లోనే కిలోకు పది గ్రాముల చొప్పున లిలాసినం కలిపించాం. నాటే నాటికి వేరు చుట్టూ శిలీంద్రం ఉండాలి. పురుగుకు లేత వేరు కావాలి, మొదటి నెలలో అది దొరక్కపోతే మొక్క కాస్త ముదిరి దెబ్బను తట్టుకుంటుంది. ట్రేల నుంచి అక్కడక్కడా గడ్డలు తీసి వేర్లు కడిగి చూశాం. పురుగును పాలీహౌస్‌లోకి టిక్కెట్టు కొని తెచ్చేది చాలాసార్లు నారే.

24 బెడ్లలో నాలుగింటికి శిలీంద్రాలేవీ వద్దన్నాను: 5, 12, 18, 24. వాటికీ సోలరైజేషన్, అంతే ఎరువు, చదరపు మీటరుకు 100 గ్రాముల వేపపిండి మిగతావాటిలాగే. తేడా శిలీంద్రం ఒక్కటే. "నాలుగు బెడ్లు కావాలని పాడుచేసుకోమంటారా?" అన్నాడు రైతు. పోయిన పంటలో 24 పాడయ్యాయి, దేనివల్ల అన్నది ఇప్పటికీ చెప్పలేకపోతున్నాం కదా అన్నాను. ఇష్టంగా కాదు గాని ఒప్పుకున్నాడు.

నాటిన రోజున మొదళ్లు తడపడం, తరవాత 30, 60 రోజులకు డ్రిప్‌లో ఇవ్వడం. సాయంత్రం పూట ముందు పది నిమిషాలు వట్టి నీళ్లు, తరవాత మందు, చివర మళ్లీ నీళ్లు. ఆమ్లంతో గాని క్లోరిన్‌తో గాని లైన్లు కడగాల్సి వస్తే దానికీ దీనికీ మధ్య వారం ఎడం. బూజు తెగులుకు ఆకుల మీద పిచికారీలు ఆపలేదు, మొదళ్లలో మాత్రం శిలీంద్రనాశిని పొయ్యనివ్వలేదు.

పంట 84 రోజులు నిలిచింది. రైతు సంతోషించాడు. నేను బెడ్డుకు పది మొక్కలు తవ్వి మార్కులు వేశాక నాకు సంతోషించడానికేం మిగల్లేదు. శిలీంద్రం వేసిన బెడ్లు 3.1, వెయ్యనివి 3.4. కంటితో చూస్తే ఆ తేడా తేడానే కాదు. మెరుగైనదంతా వేర్లు ఏరడం వల్ల, సోలరైజేషన్ వల్ల వచ్చిందే. అక్కడితో ఆగి "ఈ జీవ మందులన్నీ ఒట్టిమాట" అని రిపోర్టు రాసెయ్యొచ్చు. రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కూడా.

కానీ మార్కు లెక్కపెడుతున్నది బుడిపెలను. బుడిపె అంటే వేరులోకి పురుగు దూరిందని. లిలాసినం దూరడాన్ని పెద్దగా ఆపదు, దూరిన పురుగు పెట్టిన గుడ్లను తింటుంది. మరి గుడ్లను చూడకుండా తీర్పెలా చెప్పడం? తవ్విన వేర్ల నుంచి గుడ్ల ముద్దలు సూదితో తీసి, పలుచని అగర్ (సూక్ష్మజీవులను పెంచే జిగురు) పళ్లెంలో పెట్టాం. శిలీంద్రం వేసిన బెడ్ల నుంచి 60, వెయ్యని బెడ్ల నుంచి 20. ఐదో రోజుకి మొదటి గుంపులో 22 ముద్దల చుట్టూ తెల్లటి నూగు, తరవాత లేత వంగ రంగు. రెండో గుంపులో ఒకే ఒక్క ముద్దకు. మైక్రోస్కోప్ కింద ఆ 22లో ఒక ముద్దను విప్పి చూశాను. ఆరోగ్యంగా ఉన్న గుడ్డులో పిల్ల చుట్టలు చుట్టుకుని కనిపిస్తుంది. ఇక్కడ పెంకు ఉంది, పిల్ల లేదు, లోపలంతా దారపు పోగులు.

ఆ ఫొటో రైతు ఫోన్‌కి పంపి ఒక మాట అన్నాను: ఈ పంటలో వేసిన దాని లెక్క వచ్చే పంటలో తేలుతుంది. వచ్చే పంటకు కూడా ఆ నాలుగు బెడ్లూ అలాగే వదలండి.

బంతి సంగతి

రెండు, మూడు పంటల మధ్య ఎండలు ముదిరి కీర దోస వెయ్యలేని కాలం వచ్చింది. బంతి నాటుదామని రైతే అన్నాడు, అయితే ఇంటి చుట్టూ గోడ వెంబడి. చూడ్డానికి బాగుంటుంది, పనికి రాదు. బంతి వేరులోని టెర్థైనైల్ అనే పదార్థం ప్రధానంగా వేరులోకి దూరిన పురుగు మీద పనిచేస్తుంది. బంతి వేరు లేని చోట అది లేనట్టే. పని జరగాలంటే బెడ్డు మొత్తం దట్టంగా బంతి ఉండాలి, రెండు మూడు నెలలుండాలి, మధ్యలో కలుపు ఉండకూడదు. బాగా దెబ్బతిన్న ఎనిమిది బెడ్లలో అలా వేశాం, 75 రోజులు. వాటిలో శిలీంద్రం వెయ్యని బెడ్లు లేవు. మిగతా బెడ్లను వేర్లు ఏరి ఖాళీగా ఉంచాం, ఈసారి షీటు పరచలేదు.

మూడో పంట

ఎరువు, నారు, డ్రిప్ అన్నీ రెండో పంటలాగే. 98 రోజులు కోతలు సాగాయి. చివర్లో పనిమనిషి నన్ను పిలవకుండానే తాపీతో తవ్వి బకెట్‌లో కడిగి పెట్టాడు. వేరు తెల్లగా ఉంది, అక్కడక్కడా పూసల్లాంటి బుడిపెలు. "ఇప్పుడు సన్నగా ఉంది, ఇప్పుడే బాగుందన్నమాట" అన్నాడు.

శిలీంద్రం వేసిన ఇరవై బెడ్ల సగటు 1.9. వెయ్యని నాలుగింటిలో 24వ బెడ్డును లెక్కలోంచి తీసేశాను. అది గోడ పక్కది, సోలరైజేషన్ అప్పుడు అంచుల్లో వేడి సరిగ్గా ఎక్కదు, పైగా మిగతా బెడ్ల నీరు అటే జారుతుంది. మిగిలిన మూడింటి సగటు 3.9. అంటే శిలీంద్రం లేని చోట పురుగు రెండో పంట కన్నా పెరిగింది, ఉన్నచోట తగ్గింది. రెండో పంటలో కనిపించని తేడా ఇక్కడ బయటపడింది.

ఇరవైలో బంతి వేసిన ఎనిమిది బెడ్లు 1.4, వెయ్యని పన్నెండు 2.2. బంతి వేసినవి అంతకుముందు అన్నిటికన్నా దెబ్బతిన్న బెడ్లని గుర్తుంచుకుంటే బంతి పని తక్కువేం కాదు. అయితే ఇది ఒక్క ఇంట్లో, మూడు పోలిక బెడ్లతో చేసిన పని. బెడ్లను చీటీలు తీసి ఎంచలేదు. ట్రైకోడెర్మాను, లిలాసినాన్ని విడివిడిగా పెట్టలేదు కాబట్టి ఏది ఎంత చేసిందో ఈ లెక్కలు చెప్పవు. గుడ్ల పళ్లెం చూశాను గనక నా మొగ్గు లిలాసినం వైపు.

తలుపు దగ్గరి 1, 2 బెడ్లు మాత్రం మాట వినలేదు. శిలీంద్రం వేసినా మార్కు 3 దగ్గరే ఆగింది. అద్దెకు తెచ్చిన పవర్ టిల్లర్ ఎప్పుడూ ముందుగా దిగేది అక్కడే, అందరి చెప్పుల మట్టీ అక్కడే రాలుతుంది. ఇప్పుడు టిల్లర్ బ్లేళ్లను బయటే నీళ్ల ప్రెషర్‌తో కడిగి లోపలికి తెస్తున్నారు. లోపల తిరగడానికి వేరే చెప్పులు పెట్టారు, వాటిని వాడేలా చెయ్యడమే పెద్ద పని.

మూడో పంట మట్టి నమూనాల్లో ఎదురుచూడని సంగతి ఒకటి తగిలింది. శిలీంద్రం వెయ్యని 18వ బెడ్డు మట్టిలోంచి తీసిన పిల్లల్లో కొన్నిటి చర్మం మీద గుండ్రటి చిన్న బిళ్లలు అతుక్కుని ఉన్నాయి. పాశ్చురియా బీజాలు. మేం వెయ్యలేదు. ఒకే పంట ఏళ్ల తరబడి వేసిన నేలల్లో పురుగు పెరిగి పెరిగి చివరికి దాని శత్రువు కూడా తనంతట తాను పెరగడం కొత్తేమీ కాదు. ధాన్యపు పంటలను పీడించే సిస్టు నులిపురుగు ఇంగ్లండ్ పొలాల్లో అలాగే తగ్గిపోవడాన్ని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బ్రయన్ కెర్రీ అనే శాస్త్రవేత్త వెలికితీశాడు. అక్కడ ఆ పని చేసిన శిలీంద్రాల్లో ఒకటి ఈ పొకోనియానే. మొదటి రోజే ఘాటైన ధూమకారిణి ఏదైనా పట్టించి ఉంటే 18వ బెడ్డులో ఇది మాకు కనిపించేది కాదేమో.

పాశ్చురియా సజీవమైన పురుగులో తప్ప సులభంగా పెరగదు, అందుకే ప్యాకెట్లలో దొరకడం కష్టం. దాన్ని పెంచే మోటు పద్ధతి ఒకటుంది. బీజాలు అతుక్కున్న పిల్లలను కుండీలోని టమాటా మొక్కకు వదలడం, రెండు నెలలాగి వేర్లు తీసి ఎండబెట్టడం, పొడి కొట్టి బెడ్డులో కలపడం. ఇప్పుడు ఆ పాలీహౌస్ బయట, కావాలనే నులిపురుగు పట్టించిన పన్నెండు టమాటా కుండీలు వరసగా పళ్లేల్లో ఉన్నాయి. వాటి నీళ్లు ఒక్క చుక్క కూడా లోపలికి రాకూడదని రైతు చుట్టూ చిన్న కాలువ తవ్వించాడు.